మంచి మందులే... కాని కలిస్తే?

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)

పెరటి గోడవారనో, తులసికోట పక్కనో బిళ్ళగన్నేరు మొక్క లేని ఇల్లు మన వైపు అరుదు. ఊదారంగు పూలు కొన్ని, తెల్లపూలు కొన్ని. నీళ్లు పోసినా పోయకపోయినా బతుకుతుంది. మేక కూడా దాన్ని ముట్టదు. నాలుగు పూలు పూజకు పనికొస్తాయని వుంచుతాం గాని, లేకపోతే ఎప్పుడో పీకి అవతల పారేసేవాళ్లం. అసలు ఆ మొక్క పుట్టిల్లు మన దేశం కాదు, ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ ద్వీపం. ఆ ఆకుల్లోంచి తీసిన మందు ఒకటి, రక్త క్యాన్సర్ వచ్చిన పసిపిల్లల ప్రాణాలు కాపాడటంలో అరవై ఏళ్లకు పైగా పాలుపంచుకుంటోంది. దాని పేరు విన్‌క్రిస్టిన్. ఆ మందు గురించీ, దాని పక్కన చేరితే ప్రమాదం తెచ్చిపెట్టే మరో రకం మందుల గురించీ ఈవేళ మీతో మాట్లాడదామని వచ్చాను.

"మా ఇంట్లో ఎవరికీ ఆ జబ్బు లేదు, మాకెందుకమ్మా ఈ గోల" అని రేడియో కట్టేయకండి. మొదటి మందు మీ ఇంట్లో లేకపోవచ్చు. రెండోది మాత్రం ఏ డబ్బాలోనో, ఫ్రిజ్ మీదో వుండే వుంటుంది. ఎందుకంటే అది తామరకు వేసుకునే మాత్ర.

ముందు బిళ్ళగన్నేరు సంగతి చెప్పుకుందాం. జమైకాలో ఈ ఆకుల కషాయాన్ని చక్కెరజబ్బుకు తాగేవారు. మన పల్లెల్లోనూ పొద్దున్నే పరగడుపున రెండాకులు నమిలేవాళ్లున్నారు కదా! 1952లో జమైకాలోని ఒక డాక్టరు ఆ ఆకులు కొన్ని కెనడాకు పంపించారు. అక్కడ రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రజ్ఞులు వాటి మీద పరిశోధన చేశారు. చక్కెర తగ్గలేదు. కాని ఎలుకల రక్తంలో తెల్లకణాలు బాగా పడిపోయాయి. చక్కెరకు పనికిరాలేదని ఆకులు అవతల పారేయకుండా, తెల్లకణాలు ఎందుకు పడిపోయాయని ఆలోచించడం వాళ్ల గొప్పతనం. తెల్లకణాలు అదుపు తప్పి పెరిగిపోయే జబ్బే గదా రక్త క్యాన్సర్! అలా 1958లో ఒక మందు, తర్వాత అమెరికాలోని ఒక మందుల కంపెనీలో గోర్డన్ స్వొబోడా కృషివల్ల దాని చెల్లెలు విన్‌క్రిస్టిన్ బయటికి వచ్చాయి. 1963లో విన్‌క్రిస్టిన్‌ను అమెరికా ప్రభుత్వం ఆమోదించింది.

అన్నట్టు, పిల్లల రక్త క్యాన్సర్ వైద్యంలో మన తెలుగువారి చెయ్యి కూడా వుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో తన బృందంతో తయారుచేయించిన మందుతోనే 1948లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఈ జబ్బు పిల్లల్లో కొంతకాలం వెనక్కి తగ్గుతుందని మొదటిసారి చూపించారు. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ ఈనాటికీ ఈ పిల్లలు వారం వారం వేసుకునే మందు. ఒకప్పుడు ఈ జబ్బు వచ్చిన బిడ్డ దక్కేవాడు కాదు. ఇప్పుడు సంపన్న దేశాల్లో పదిమందిలో తొమ్మిదిమంది దాకా దక్కుతున్నారు. ఏ ఒక్క మందువల్లనో కాదు, పలు మందులు ఒక పద్ధతిగా, వేళ తప్పకుండా, రెండు మూడేళ్ల పాటు ఇవ్వడంవల్ల. అందులో విన్‌క్రిస్టిన్ ఒకటి. మొదటి నెలలో వారానికొకసారి, తరువాత తరువాత నెలకొకసారి, కొన్ని పద్ధతుల్లో మూడు నెలలకొకసారి నరానికి ఎక్కిస్తారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన వాడుకలో రక్తం పారే గొట్టాన్నీ నరమే అంటాం, మెదడునుంచి కాళ్లకూ చేతులకూ కబురు మోసే తీగనూ నరమే అంటాం. "నరానికి సూది వేశారు" అంటాం, "నరాల బలహీనత" అనీ అంటాం. డాక్టర్లు మొదటిదాన్ని సిర అనీ, రెండోదాన్ని నాడి అనీ విడదీస్తారు. విన్‌క్రిస్టిన్ ఎక్కించేది మొదటిదానిలోకి. అది బాధపెట్టేది రెండోదాన్ని.

ఎందుకు బాధపెడుతుందంటే, ఒక కణం రెండు కణాలుగా విడిపోవాలంటే లోపల సన్నటి పోగులు ఏర్పడాలి. పోగులు సాగితేనే విభజన. విన్‌క్రిస్టిన్ ఆ పోగుల్ని కట్టుకోనివ్వదు. వేగంగా పెరిగే క్యాన్సర్ కణం మధ్యలోనే ఆగి చచ్చిపోతుంది. బాగానే వుంది. కాని నాడుల్లో కూడా అవే పోగులుంటాయి. వెన్నుదగ్గరి నుంచి కాలి బొటనవేలి దాకా సాగే పొడవాటి నాడికి కావలసిన సరుకంతా ఆ పోగుల మీదుగానే చేరాలి. దారి చెడితే చివరనున్న ఊళ్లకు ముందుగా సరుకు అందదు గదా! అందుకే వేళ్లు తిమ్మిర్లెక్కుతాయి, పాదం పైకి లేవదు, పేగు కదలిక మందగించి విరేచనం కాదు. ఈ మందు ఇచ్చిన దాదాపు ప్రతి బిడ్డకూ ఎంతో కొంత ఈ బాధ వుంటుంది. డాక్టర్లకు తెలుసు. అందుకే బిడ్డ ఎత్తూ బరువూ కొలిచి, లెక్కకట్టి, ఎంత లావుపాటి మనిషికైనా సాధారణంగా ఒకసారికి 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. రెండు మిల్లీగ్రాములంటే ఎంతనుకున్నారు? చిటికెడు ఉప్పులో చాలా చిన్న భాగం. మందుకూ విషానికీ మధ్య దూరం అంత తక్కువన్నమాట.

సరే, ఇప్పుడు రెండో మందు దగ్గరికి వద్దాం.

తామర అంటే మీకు చెప్పనక్కర్లేదు. నడుం దగ్గర చీర బిగించేచోట, తొడల సందుల్లో, వక్షోజాల కింద గుండ్రంగా ఎర్రగా లేచి దురదపెట్టే జబ్బు. గత పదిహేనేళ్లలో మన దేశంలో ఇది మొండికెత్తింది. స్టీరాయిడు కలిపిన పూతమందులు మందుల షాపులో అడిగిందే తడవుగా ఇవ్వడం దానికి ఒక పెద్ద కారణం. పూస్తే రెండు రోజులు మాయమైనట్టుంటుంది, మళ్లీ రెట్టింపుగా లేస్తుంది. దాంతో మాత్రల మీద పడ్డారు. ఆ మాత్రల్లో ఎక్కువగా అమ్ముడయ్యేది ఇట్రాకొనజోల్. నిజానికి డాక్టరు చీటీ లేనిదే ఇవ్వకూడదు. ఇస్తున్నారు. పక్కింటావిడకు తగ్గిందని ఆ ఖాళీ పట్టీ తీసుకెళ్లి చూపించి అవే తెచ్చుకునేవాళ్లు నాకే ఎంతమందో తెలుసు.

ఈ మందులది పెద్ద కుటుంబం. ఫ్లుకొనజోల్, ఇట్రాకొనజోల్, కీటోకొనజోల్, వోరికొనజోల్, పోసాకొనజోల్. పేరు చివర "కొనజోల్" అని వుంటుంది, పసుపు కుంకాల్లాగా అది వీళ్ల గుర్తు. అయితే "జోల్" అని వున్నవన్నీ ఇవే అనుకోకండి. పుల్లత్రేన్పులకు వేసుకునే ఒమెప్రజోల్, విరేచనాలకు ఇచ్చే మెట్రోనిడజోల్, పిల్లలకు నులిపురుగులకు ఇచ్చే ఆల్బెండజోల్ ఈ కుటుంబం కాదు. ఈ కొనజోల్ మందులు చాలా మంచివి. బూజు జాతి క్రిములు తమ చుట్టూ కట్టుకునే పొరను ఇవి సరిగ్గా కట్టుకోనివ్వవు. క్యాన్సర్ వైద్యంలో వున్న పిల్లలకైతే ఇవి ప్రాణాధారమయ్యే సందర్భాలు కూడా వున్నాయి. ఆ వైద్యంలో తెల్లకణాలు పడిపోతాయి, స్టీరాయిడు మందులు కూడా వాడతారు. అలాంటప్పుడు గాలిలో తేలే బూజు, మనకు ఏమీ చేయనిది, ఆ బిడ్డ ఊపిరితిత్తుల్లో ఇల్లు కట్టుకుంటుంది. 2021లో కోవిడ్ తగ్గినవాళ్లకు బ్లాక్ ఫంగస్ వచ్చి, ఒక్క యాంఫోటెరిసిన్ ఇంజక్షను కోసం జనం ఊళ్లూళ్లూ తిరగడం మీకు గుర్తుండే వుంటుంది. బూజు అంటే చులకన కాదని అప్పుడు అందరికీ తెలిసింది.

మరి రెండూ మంచి మందులే అయితే గొడవెక్కడ?

గొడవ కాలేయం దగ్గర. మన స్నానాలగదిలో తూము వుంటుంది చూడండి. రోజూ నాలుగు చెంబులు పోసుకుంటాం, నాలుగు చెంబుల నీళ్లూ తూములోంచి పోతాయి. ఒకనాడు తూముకు పాతగుడ్డ అడ్డం పడిందనుకోండి. ఆరోజు కూడా పోసింది నాలుగు చెంబులే, ఒక్క చెంబు ఎక్కువ పోయలేదు. అయినా నీళ్లు గడప దాటి ఇంట్లోకి వస్తాయి. విన్‌క్రిస్టిన్‌ను విరిచి బయటికి పంపే ఎంజైము కాలేయంలో వుంది. దానికి సిప్ 3ఎ4 అని పేరు పెట్టారు. పేరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, తూము అనుకుంటే చాలు. ఇట్రాకొనజోల్, వోరికొనజోల్, పోసాకొనజోల్, కీటోకొనజోల్ ఆ ఎంజైముకు గట్టిగా అడ్డం పడతాయి. ఫ్లుకొనజోల్ అంత గట్టిగా కాదు గాని, మోతాదు పెరిగినకొద్దీ అదీ అడ్డమే. డాక్టరు సరైన మోతాదే ఇచ్చాడు, నర్సు సరిగ్గానే ఎక్కించింది, మందు కంపెనీ తప్పేమీ లేదు. అయినా ఆ మందు ఒంట్లోంచి పోవలసిన వేళకు పోకుండా నిలవ వుండిపోతుంది. నాడులకు ఎక్కువ తగులుతుంది.

ఇది ఒక్క క్యాన్సర్ మందుతోనే కాదు. 1990లో అమెరికాలో 39 ఏళ్ల స్త్రీ ఒకామె విషయం వైద్య పత్రికలో వచ్చింది. ఆమె జలుబుకూ తుమ్ములకూ వాడే టెర్ఫెనడిన్ అనే మాత్ర వేసుకుంటోంది. ఆడవాళ్లకు మామూలుగా వచ్చే తెల్లబట్ట దురదకు కీటోకొనజోల్ మాత్రలు కూడా తనంతట తానే మొదలుపెట్టింది. రెండు రోజుల్లో కళ్లు తిరిగి పడిపోయింది, గుండె లయ తప్పింది. అదృష్టవశాత్తూ దక్కింది. తూము మూసుకుపోవడంతో టెర్ఫెనడిన్ ఒంట్లో పేరుకుపోయి గుండె మీద పడిందని తేలింది. ఇలాంటివే మరికొన్ని బయటపడ్డాక, 1998లో ఆ మందును అమెరికాలో మార్కెట్టు నుంచి తీసేశారు. జలుబు మాత్ర, దురద మాత్ర. రెండూ ఇంటి మందులే!

విన్‌క్రిస్టిన్ విషయం కూడా కొత్తదేమీ కాదు. ఇట్రాకొనజోల్ కలిసినప్పుడు నాడుల బాధ విపరీతంగా పెరుగుతోందని 1995లోనే యూరప్ వైద్యులు రాశారు. తర్వాత వోరికొనజోల్‌తో, పోసాకొనజోల్‌తో కూడా అలాంటివే వచ్చాయి. ముప్పై ఏళ్ల కిందట తెలిసిన విషయం ఈనాటికీ జరుగుతోందంటే, తెలియవలసినవాళ్లందరికీ ఒకేచోట తెలియకపోవడంవల్లనే. క్యాన్సర్ డాక్టరుకు తను రాసిన మందు తెలుసు. చర్మం డాక్టరుకు తను రాసింది తెలుసు. మందుల షాపు కుర్రాడికి ఆవేళ అమ్మిన పట్టీ తెలుసు. మూడింటినీ ఒకే సంచిలో మోసేది మనం.

నేను ఆస్పత్రి మందుల విభాగంలో పనిచేసిన రోజుల్లో చూసిన ఒక సంగతి చెబుతాను. ఏడేళ్ల పిల్లాడు. వైద్యం మొదటి ఘట్టాలన్నీ దాటాడు, నెలకొకసారి వచ్చి ఇంజక్షను చేయించుకువెళ్లేవాడు. బడికి కూడా వెళ్తున్నాడు. ఒకసారి ఇంజక్షను అయిన అయిదో రోజున వాళ్లమ్మ ఎత్తుకుని తీసుకొచ్చింది. కడుపు ఉబ్బిపోయి వుంది. నాలుగు రోజులుగా విరేచనం లేదు. దవడ నొప్పి అని అన్నం ముట్టడు. ఊళ్లో పంటి డాక్టరుకు చూపిస్తే పళ్లన్నీ బాగున్నాయన్నాడట. నడవమంటే పాదం ఈడుస్తున్నాడు. మొన్నటి ఇంజక్షనులో ఎక్కువ ఇచ్చేశారేమోనని తండ్రి కోపం మీద వున్నాడు. చీటీ చూస్తే మోతాదు సరిగ్గానే వుంది.

వార్డులో ఒక సీనియర్ నర్సు వుండేది. ఆవిడ ఆ తల్లిని పక్కకు పిలిచి, "అమ్మా, ఈ నెలలో బాబుకి ఇంకేమన్నా మందు వేశారా? దగ్గు మందైనా సరే, నాటు మందైనా సరే, చెప్పు" అని అడిగింది.

"లేదండీ, ఇక్కడ ఇచ్చినవే."

"పోనీ వొంటికి పూసేదేమన్నా?"

"తామర లేచిందండీ నడుం దగ్గర. పూతమందు పనిచేయలేదని మా తమ్ముడు బిళ్లలు తెచ్చాడు. వాడికీ అదే తగ్గిందట. అవి తామరకండీ, జబ్బుకు కాదు."

తల్లి తప్పేమీ లేదు. ఆమె లెక్కలో జబ్బు వేరు, తామర వేరు. మందు అంటే జబ్బు మందు. మనందరి లెక్కా అదే. ఆమె సంచిలోంచి తీసిన పట్టీ మీద ఇట్రాకొనజోల్ అని చిన్న అక్షరాల్లో వుంది. పదకొండు రోజులుగా వేస్తోంది. ఆ మాత్రలు ఆపేశారు. రక్తంలో సోడియం పడిపోయింది కనుక దానికి వైద్యం చేశారు. తర్వాతి ఇంజక్షను వాయిదా వేశారు. కడుపు వారం రోజుల్లో కుదుటపడింది. పాదం మాత్రం లేవడానికి నెలలు పట్టింది, అన్నాళ్లూ కాలికి పట్టీ కట్టుకుని నడిచాడు. ఇలాంటి కేసుల్లో చాలామంది కోలుకుంటారు. అయితే మూర్ఛలు వచ్చినవాళ్లూ వున్నారు, పేగులు పూర్తిగా స్తంభించినవాళ్లూ వున్నారు.

కనుక ఇలాంటి బిడ్డ ఇంట్లో వున్న తల్లులు, అమ్మమ్మలు, మేనత్తలు ఇంజక్షను తర్వాత పది పదిహేను రోజులు కొన్నిటిని గమనించాలి. రెండు రోజులు విరేచనం కాలేదంటే కబురు చేయండి, నాలుగో రోజు దాకా ఆగకండి. ఇంట్లో ఎనిమా గాని, ఆముదం గాని మీ అంతట మీరు ఇవ్వకండి. తెల్లకణాలు తక్కువగా వున్న బిడ్డకు ఎనిమా ప్రమాదం. దవడ నొప్పి, గొంతు నొప్పి అన్నాడంటే పంటి నొప్పి అనుకోకండి. చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోతున్నాడా, చెప్పులోంచి పాదం జారుతోందా, మెట్టు ఎక్కేటప్పుడు కాలి వేళ్లు తగిలి తూలుతున్నాడా, ఒక కనురెప్ప వాలుతోందా, గొంతు బొంగురుపోయిందా చూడండి. ఇవన్నీ డాక్టరుకన్నా ముందు తల్లికే తెలుస్తాయి. మత్తుగా పడివుండటం, తికమకగా మాట్లాడటం, ఫిట్సు వస్తే ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ఇంతా విని, "అమ్మో, అయితే డాక్టరు రాసిన ఫంగస్ మందు మానిపించేస్తాను" అనుకుంటారేమో. అంతకన్నా పెద్ద ప్రమాదం లేదు. క్యాన్సర్ ఆస్పత్రిలోనే కొనజోల్ మందు రాశారంటే, విన్‌క్రిస్టిన్ లేని వారాలు చూసుకుని రాసి వుండవచ్చు. ఊపిరితిత్తుల్లో బూజు నిజంగా పట్టుకుంటే వోరికొనజోల్ లాంటి మందు తప్పనిసరి కావచ్చు, అప్పుడు విన్‌క్రిస్టిన్‌నే వెనక్కి జరుపుతారు. లేదూ, తూముకు అడ్డం పడని మందులు వున్నాయి. యాంఫోటెరిసిన్ వుంది, కాస్పోఫంజిన్, మైకాఫంజిన్ వున్నాయి. మరి ఎప్పుడూ అవే ఇవ్వొచ్చుగా అంటారా? అవి మాత్రలు కావు, సెలైనులో కలిపి ఎక్కించాలి. యాంఫోటెరిసిన్ మూత్రపిండాలను కుంగదీస్తుంది, పొటాషియం పడిపోతుంది. మిగతావి ఖరీదు. బస్సెక్కి వంద కిలోమీటర్లు వచ్చే తల్లికి రోజూ సెలైను అంటే మాటలా? ఈ తూకమంతా డాక్టరు వేయాలి. అడిగే హక్కు మాత్రం మనకుంది. "ఈ మందు విన్‌క్రిస్టిన్‌తో పడుతుందా డాక్టరుగారూ?" అని అడగండి. చదువుకోనివాళ్లమని మొహమాటపడకండి, చదువుకున్న డాక్టరు కూడా ఒక్కసారి ఆగి పుస్తకం చూసుకోవలసిన ప్రశ్న అది.

నోరు పూస్తే వాడే నిస్టాటిన్ అనే మందు ఒకటుంది. ఆస్పత్రిలో అది రాస్తే బెంగపడనక్కర్లేదు. అది నోట్లో, పేగుల్లో పనిచేసి పోతుంది, రక్తంలోకి ఎక్కదు. దాన్ని 1950లో లోకానికి తెలిపినవాళ్లు ఇద్దరూ స్త్రీలే. ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్. అమెరికాలో న్యూయార్క్ స్టేట్ ఆరోగ్యశాఖ ఉద్యోగినులు. ఒకరు న్యూయార్క్ నగరంలో, ఒకరు ఆల్బనీలో. ఒకరు మట్టిలోని సూక్ష్మజీవులను పెంచి సీసాల్లో పోస్టు చేస్తే, రెండోవారు వాటిలోంచి మందు వేరుచేసి మళ్లీ పోస్టులోనే పంపేవారు. ఆ స్టేట్ పేరు మీదే మందుకు నిస్టాటిన్ అని పేరు పెట్టారు. దానివల్ల వచ్చిన కోటీ ముప్పై లక్షల డాలర్లకు పైగా సొమ్ములో తమకు పైసా వుంచుకోకుండా పరిశోధనలకే ఇచ్చేశారు. ఇలాంటి ఆడవాళ్ల పేర్లు మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఎందుకు వుండవో నాకు అర్థం కాదు.

ఈ తూము సంగతి తెలిసిన డాక్టర్లు దాన్ని మేలుకు వాడుకోవడం కూడా వుంది. పెద్దవాళ్ల రక్త క్యాన్సర్‌లో ఒక రకానికి వెనెటోక్లాక్స్ అనే మాత్రలున్నాయి. మామూలుగా రోజుకు 400 మిల్లీగ్రాములు. పోసాకొనజోల్ కూడా ఇవ్వవలసి వస్తే వెనెటోక్లాక్స్‌ను 70 మిల్లీగ్రాములకు తగ్గిస్తారు. తూము మూసివుంది గనుక అంత తక్కువతోనే సరిపోతుంది. ఖరీదైన ఆ మాత్రలు అలా తక్కువతో సరిపోవడం మన దేశంలో బీదరోగులకు కలిసివచ్చింది. కాని అది తెలిసి, లెక్కగట్టి చేసే పని. తెలియకుండా ఇంట్లో జరిగేది అది కాదు.

తూముకు అడ్డంపడేవి కొనజోల్ మందులే కాదు. గొంతునొప్పికీ దగ్గుకూ రాసే క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ కూడా ఆ పనే చేస్తాయి. దీనికి పూర్తిగా వ్యతిరేకమైనవీ వున్నాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛలకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ తూమును వెడల్పు చేసేస్తాయి. మందు పనిచేయకముందే బయటికి పోతుంది. పైకి బాధేమీ కనిపించదు, బిడ్డ బాగానే వున్నట్టుంటాడు. లోపల వైద్యం చాలదు. నన్నడిగితే ఇది మరీ మోసం. ఇక అందరి కాలేయమూ ఒక్కలా వుండదు, కొందరికి పుట్టుకతోనే తూము చిన్నది, కొందరికి పెద్దది. అందుకే "ఫలానావాళ్లబ్బాయికి రెండూ ఇచ్చినా ఏమీ కాలేదు" అన్నమాట మనకు సాక్ష్యం కాదు.

బిళ్ళగన్నేరు ఆకు ఇంట్లోనే వుందిగా, రసం తీసి పోద్దామా అని అడిగినవాళ్లు కూడా వున్నారు. వద్దమ్మా. ఒక్క గ్రాము విన్‌క్రిస్టిన్ కావాలంటే సుమారు 500 కిలోల ఎండుటాకులు కావాలి. నాలుగు ఆకుల్లో వుండేది ఎంతో, ఆ రసంలో దాంతోపాటు ఇంకేమేమి విషాలు దిగుతాయో లెక్కకందదు. వైద్యంలో వున్న బిడ్డకు ఆ రసం పడితే మనం ఇంతసేపు చెప్పుకున్న చిక్కులకు మరొకటి తోడవుతుంది.

చివరగా ఒక చిన్న ఏర్పాటు చెప్పి సెలవు తీసుకుంటాను. పిల్లల పాత నోటుపుస్తకం ఒకటి తీసుకోండి. ఎడమ పేజీలో ఆస్పత్రిలో ఇచ్చిన మందులు, ఇంజక్షను వేసిన తేదీలు. కుడి పేజీలో మిగతావన్నీ, తామర మాత్ర, దగ్గుమందు, ఆయుర్వేదం, కషాయం, ఎవరు తెచ్చిచ్చినా సరే. రాయడం రాకపోతే ఖాళీ పట్టీలు పారేయకుండా ఒక కవరులో వేసి తీసుకువెళ్లండి. అన్నిటికన్నా ముఖ్యంగా, చివరి మాత్ర ఏ రోజున వేశారో రాయండి. ఇట్రాకొనజోల్ కొన్నాళ్లు వాడి ఆపినా, రక్తంలోంచి పూర్తిగా పోవడానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. ఇంజక్షనుకు వెళ్లే రోజు పొద్దున ఒక్క మాత్ర మానేసి "ఏమీ వాడట్లేదండీ" అంటే ఆ పూటకు అబద్ధం కాకపోవచ్చు గాని, ఆ గుడ్డ ఇంకా తూములోనే వుంటుంది. అందుకే మానేసి వారమైనా, పదిరోజులైనా ఆ తేదీ నర్సుకు చూపించండి. ఇంజక్షను ఆవేళ వేయాలో, ఆగాలో వాళ్లు చూసుకుంటారు.